పదకొండు నిమిషాలకు ఇరవై రూపాయలు

ఇప్పుడే ఇంటికొచ్చాను. ఒళ్లు మండిపోతోంది. ఇక్కడ రాస్తే తప్ప రాత్రికి అన్నం సహించేలా లేదు, కాబట్టి భరించండి.

సద్దుల బతుకమ్మకు ఇంకా నాలుగు రోజులు. మేనకోడలికి లంగా జాకెట్ తీసుకుందామని హనుమకొండలో ఆ మాల్‌కి పోయాను. పేరు చెప్పను, మీకు తెలుసు. పోయిన దసరాకు బట్టలు కొన్న షాపు షట్టర్ దించి ఉంది. దాని మీద టులెట్ కాగితం, ఆ కాగితం మీద వేలెడు దుమ్ము. ఎస్కలేటర్ ఎప్పుడో ఆగిపోయింది, మామూలు మెట్లలాగే ఎక్కాలి, కాకపోతే మోకాళ్లు రెట్టింపు నొస్తాయి. ఫుడ్‌కోర్టులో కుర్చీలు పెళ్లికి సరిపడా ఉన్నాయి, నడుస్తున్నది ఒక్క దోశ కౌంటర్. ఆయన నన్ను చూసి ఆశగా లేచి నిలబడ్డాడు, పాపం. బాత్రూమ్‌కి తాళం. పదకొండు నిమిషాల్లో బయటపడ్డాను.

గేటు దగ్గర పిల్లగాడు స్లిప్పు తీసుకున్నాడు.

"ఇరవై రూపాయలన్నా."

"స్కూటీకా? లోపల ఏముందని తమ్మీ?"

"నాకేం తెల్వదన్నా, సారు తీస్కొమ్మన్నడు."

మాల్‌లో మొదటి అరగంట పార్కింగ్‌కు పైసా తీసుకోవద్దని 2018లోనే సర్కారు జీవో ఇచ్చింది కదా అన్నాను. వాడు నన్ను జాలిగా చూశాడు, జీవోలు చదివే మనిషిని అప్పుడే చూసినట్టు. వెనక హారన్ కొడుతున్నారు. ఇచ్చేసి వచ్చాను. ఆ బిల్డింగ్ మొత్తంలో ఠంచనుగా నడుస్తున్న వ్యాపారం ఆ గేటు ఒక్కటే.

అడిగితే అందరిదీ ఒకటే పాట: ఆన్‌లైన్ వచ్చి మాల్స్‌ని మింగేసింది. అవునా? మరి వరంగల్ బట్టల బజార్‌ని ఎందుకు మింగలేదు? సాయంత్రం ఆరు దాటాక హనుమకొండ చౌరస్తాలో బండి తీసి చూడండి, కాలు మోపే సందు ఉండదు. జనం దగ్గర డబ్బుల్లేక కాదు, కొనే బుద్ధి లేక కాదు.

అసలు మన దగ్గర మాల్ అంటే ఏమిటి? మూడంతస్తుల బట్టల దుకాణం పెడితే చాలు, బోర్డు మీద 'షాపింగ్ మాల్' అని రాస్తారు. హీరోయిన్ వచ్చి రిబ్బన్ కత్తిరిస్తుంది, ఆ రోజు ట్రాఫిక్ సుబేదారి దాకా ఆగుతుంది. నవ్వుతాం గానీ, వాళ్లే నయం. బండి పెడితే టోకెన్ ఇస్తారు, డబ్బులడగరు. మంచినీళ్లు ఇస్తారు. పది చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా లేచినా మా అమ్మను ఎవరూ ఏమనరు. అక్కడ ఓనర్ ఒక్కడు, కౌంటర్ దగ్గరే కూర్చుని ఉంటాడు, బల్బు పోతే వాడికే తెలుస్తుంది.

ఈ పెద్ద మాల్‌కి ఓనర్ ఎవరు? ఎవరూ కాదు. అదే రోగం. కట్టినాయన షాపులన్నీ ముక్కలు ముక్కలుగా అమ్ముకుని తన డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు. ఒక్కో షట్టర్‌కు ఒక్కో యజమాని. ఒకాయన దుబాయ్‌లో, ఇంకొకాయన అమెరికాలో, మూడో ఆయన చనిపోతే కొడుకులు కోర్టులో. ఎస్కలేటర్ బాగు చేయించాలంటే ఇంతమందినీ ఒప్పించాలి. కింద షాపు ఆయన, "నాకు ఎస్కలేటర్ ఎందుకు?" అంటాడు. న్యాయమే కదా.

నాకెలా తెలుసంటే, రెండో అంతస్తులో ఒక షట్టర్ మాది.

ఇప్పుడర్థమైందా మంట ఎక్కడిదో? మా బాపు ఆజంజాహీ మిల్లులో పనిచేశాడు. నిజాం కొడుకు పేరు మీద 1934లో పెట్టిన మిల్లు, 2002లో మూతపడింది. మిల్లు పోయాక చేతికొచ్చిన డబ్బులు బాపు బ్యాంకులోంచి కదపలేదు, ఇల్లు కారుతున్నా కదపలేదు. అట్లాంటి మనిషిని మా పెద్ద బావ కూర్చోబెట్టి, "మామయ్యా, నెలనెలా కిరాయి వస్తది, పింఛన్ లెక్క" అని చెప్పి ఆ మాల్‌లో నూటనలభై అడుగుల కొట్టు కొనిపించాడు. మొదటి మూడేళ్లు కిరాయి వచ్చింది, కాదనను. తర్వాత ఖాళీ. కిరాయి ఆగింది గానీ మెయింటెనెన్స్ ఆగలేదు. నడవని ఎస్కలేటర్‌కు, తాళం వేసిన బాత్రూమ్‌కు చదరపు అడుక్కి ఇంత అని మేమే కట్టాలి. ఇవాళ ఆ ఇరవై కూడా నా సొంత షాపు ఉన్న బిల్డింగ్‌లోనే కట్టి వచ్చాను. నవ్వండి.

బాపు పోయేదాకా ఆ షాపు గురించి ఒక్క మాట అనలేదు. అల్లుడు కదా.

బావ మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాడు. ఇప్పుడు మామునూరు దగ్గర వెంచర్‌లో ప్లాట్లు అమ్ముతున్నాడు. ఎయిర్‌పోర్టు వస్తుందంట, రేటు మూడింతలంట. పొద్దునే ఫ్యామిలీ గ్రూపులో లేఅవుట్ పెట్టాడు, కింద విమానం బొమ్మ. మా తమ్ముడు దానికి దండం బొమ్మ పెట్టాడు, వాడికి ఈ మధ్యే పీఎఫ్ డబ్బులు వచ్చాయి. ఒరేయ్, ఫోన్ ఎత్తరా.

బావా, ఈ పోస్టు నువ్వు చూస్తావని తెలుసు. అక్క కూడా చూస్తుంది, చూడనీ. మూడు నెలల మెయింటెనెన్స్ బాకీ ఉందని పొద్దున నోటీసు వచ్చింది. ఈసారి నువ్వు కట్టు. పోయేటప్పుడు చిల్లర తీసుకెళ్లు, గేటు దగ్గర పిల్లగాడికి ఫోన్‌పే లేదు.