49 రోజుల సెలవులు, తాళం వేసిన బడి

ఏప్రిల్ 23న చివరి గంట కొడతారు. మళ్లీ బడి తెరిచేది జూన్ 12న. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొన్నేళ్లుగా దాదాపు ఇదే లెక్క నడుస్తోంది. మధ్యలో సరిగ్గా 49 రోజులు, అంటే ఏడు వారాలు. నిజానికి మార్చి మధ్యలో ఒంటిపూట బడులు పెట్టినప్పుడే పనికి వెళ్లే తల్లికి టెన్షన్ మొదలవుతుంది. మధ్యాహ్నం ఇంటికొచ్చేసిన పిల్లల్ని సాయంత్రం దాకా ఎవరు చూడాలి?

మా వీధి చివర ఒకావిడ మిషన్ కుడుతుంది. ఆరో తరగతి అమ్మాయి, మూడో తరగతి అబ్బాయి. ఇద్దరూ సర్కారు బడిలోనే. పెళ్లిళ్లు ఎక్కువగా ఉండేది ఎండాకాలంలోనే కాబట్టి ఏడాది మొత్తంలో ఆమెకు జాకెట్లు కుప్పలుగా వచ్చేదీ అప్పుడే. పిల్లల్ని ఎలా సముదాయిస్తున్నారని అడిగితే నవ్వింది. "ఫోన్ వాళ్ల చేతికిస్తే గానీ నా మిషన్ కదలదండీ" అంది.

వేసవి రాగానే పత్రికల్లో, టీవీల్లో సలహాలు మొదలవుతాయి. పిల్లల్ని ఫోన్‌కు దూరంగా ఉంచండి, వాళ్లతో ఎక్కువ సమయం గడపండి, కొత్త హాబీ నేర్పించండి. ఇవి తప్పని అనను. కానీ రాసేవాళ్లు చేతిలో సమయం ఉన్న ఇంటిని ఊహించుకుని రాస్తారు. ఆ టైలర్ ఇంట్లో లేనిదల్లా ఆ సమయమే. ఆమె ఫోన్ రీచార్జి 28 రోజులకు మూడు వందల రూపాయలు. సెలవులున్నా లేకపోయినా అది వేయించక తప్పదు. అంటే పిల్లలు రోజంతా వీడియోలు చూసినా ఆమెకు అదనంగా పడే ఖర్చు సున్నా. పైగా పక్కన పెద్దవాళ్లు కూర్చోనక్కర్లేదు, పిల్లలు ఎండలోకి పోరు, దెబ్బలాడుకోరు. పేదింట్లో ఫోన్‌కు పోటీ రావాలంటే ఏ వినోదమైనా ఈ రెండు పరీక్షలూ నెగ్గాలి: డబ్బు అడక్కూడదు, పెద్దవాళ్ల సమయమూ అడక్కూడదు. సమ్మర్ క్యాంపు మొదటిదాంట్లోనే పోతుంది. మనం మురిపెంగా చెప్పుకునే "పిల్లలతో కలిసి వంట చేయండి" లాంటివి రెండోదాంట్లో పోతాయి.

డబ్బు సంగతే ముందు చూద్దాం. సెలవుల ఖర్చంటే ఎగ్జిబిషన్, సినిమా, జూ అనుకుంటాం. అవి ఎప్పుడో ఒకసారి, ముందే అనుకుని పెట్టే ఖర్చులు. అసలు చిల్లు వేరే చోట ఉంది. పిల్లాడు మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి పది రూపాయలు అడుగుతాడు. చిప్స్ ప్యాకెట్టో, కప్పు ఐసో. ఇద్దరు పిల్లలైతే రోజుకు నలభై, 49 రోజులకు 1,960. ఒక్కసారి రెండు వేలు తీసి ఇమ్మంటే గుండె ఝల్లుమంటుంది, పదేసి రూపాయలుగా పోతే కనపడదు. ఈ లెక్క ఆ టైలర్‌కు చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏడుపు ఆపడానికి పది రూపాయలు చవకే కదండీ" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆ పది రూపాయల వెనక ఆకలి కూడా ఉంది. బడి ఉన్నన్నాళ్లూ మధ్యాహ్నం అన్నం బడిలోనే. ఆంధ్రప్రదేశ్‌లో దాంతోపాటు వారానికి ఐదు గుడ్లు పెడుతున్నారు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఏడు వారాల్లో 70 గుడ్లు ఆగిపోయినట్టు. కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కరవు వస్తేనే పిల్లలకు ఎండాకాలంలో ఆకలి వేస్తుందన్నట్టు ఆ మాట అక్కడితో ఆగింది. ఇంగ్లండ్‌లో 2021 నుంచి దేశమంతా స్థానిక సంస్థల ద్వారా ఒక పథకం నడిపారు. బడిలో ఉచిత భోజనం తినే పిల్లలకు సెలవుల్లో ఆటలూ భోజనమూ ఒకేచోట ఇచ్చే పథకం అది. ఆట, అన్నం ఒకే సమస్యకు రెండు వైపులని వాళ్లు గుర్తించారు. మన దగ్గర వీటిని కలిపి ఆలోచించినవాళ్లు నాకు కనపడలేదు.

"అమ్మమ్మ ఊరికి పంపొచ్చుగా" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పంపేవాళ్లు పంపుతూనే ఉన్నారు, మంచిదే. కానీ ఆ అమ్మమ్మకు ఇప్పుడు యాభై దాటి ఉంటాయి, అంతే. పొలం పనులు లేని ఈ రోజుల్లోనే ఊళ్లో ఉపాధి హామీ పనులు జోరుగా సాగుతుంటాయి. తెల్లవారకముందే గడ్డపారా, తట్టా పట్టుకుని వెళ్లి, ఎండ ముదిరాక ఇంటికొచ్చి పడిపోయే మనిషి మధ్యాహ్నమంతా పిల్లల వెంట ఎక్కడ తిరుగుతుంది? మన జ్ఞాపకాల్లో మామిడి తోట కింద మంచం వేసుకుని కథలు చెప్పిన అమ్మమ్మ ఒక రకం ఇంటి అమ్మమ్మ. అందరికీ ఆమె లేదు, అప్పుడూ లేదు.

ఊరి చెరువు విషయం కూడా అంతే. ఖర్చు లేని వినోదాల్లో ఈతను మించింది లేదు. నడుముకు సొరకాయ బుర్ర కట్టుకుని నేర్చుకున్న తరం ఇంకా ఉంది. అయితే అప్పటి చెరువు లోతు ఊరందరికీ తెలుసు. ఇప్పుడు జేసీబీలతో మట్టి తవ్వేసిన చోట మోకాలి లోతు పక్కనే రెండు నిలువుల గుంట ఉంటుంది. సెలవులకు వచ్చిన పిల్లలు చెరువులో, క్వారీ గుంతలో మునిగిపోయారన్న వార్త లేకుండా ఒక్క మే నెలా గడవడం లేదు. ఈత తెలిసిన పెద్దమనిషి గట్టు మీద ఉంటే తప్ప చెరువును చవక వినోదాల జాబితాలో రాయను.

మరి ఏం మిగిలింది? చాలానే ఉంది, ఎండను బట్టి రోజును ముక్కలు చేసుకుంటే. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో 45 డిగ్రీలు కొత్త కాదు. పదింటి నుంచి ఐదింటి దాకా బయట ఆట అనుకోవడమే తప్పు. పొద్దున, సాయంత్రం పిల్లలకు మన సలహా అక్కర్లేదు. నలుగురు పోగైతే ఏడు పెంకులాటో, కర్రాబిళ్లో, ప్లాస్టిక్ బ్యాటుతో క్రికెట్టో వాళ్లే చూసుకుంటారు. ముంజలు తిన్నాక మిగిలిన తాటికాయ బుర్రలు రెండు, ఒక పుల్ల, తోయడానికి పంగల కర్ర దొరికితే బండి తయారు. ఇబ్బంది ఎప్పుడంటే మధ్యలో ఆ ఏడు గంటలే. ఫోన్ రాజ్యం చేసేదీ అప్పుడే.

ఆ సమయానికి తగిన ఆటలు మన దగ్గర తరతరాలుగా ఉన్నాయి. ఎండకు భయపడి నీడన కూర్చోవాల్సిన నేల కాబట్టే ఇన్ని కూర్చుని ఆడే ఆటలు పుట్టాయేమో అని నాకో అనుమానం. అష్టాచెమ్మా తీసుకోండి. చాక్‌పీసుతో గచ్చు మీద ఐదు వరసలు, ఐదు నిలువుల గళ్లు గీస్తే పటం అయిపోయింది. గవ్వలు కొనక్కర్లేదు. నాలుగు చింతపిక్కల్ని బండ మీద ఒకవైపు అరగదీస్తే తెల్లగా వస్తాయి. నాలుగూ తెల్లగా పడితే నాలుగు, నాలుగూ నల్లగా పడితే ఎనిమిది. ఆ పిక్కలు అరగదీయడమే ఒక పూట పని, దాని కోసమే పిల్లలు కొట్టుకుంటారు. పులిజూదంలో మూడు పులులు, పదిహేను మేకలు. మేకలు కట్టడి చేస్తే పులి ఓడిపోతుంది, అందుకే చిన్నవాళ్లు మేకల పక్షమే కోరుకుంటారు. వామనగుంటలకు చెక్క పీట లేకపోతే కోడిగుడ్ల అట్ట ట్రే చాలు, అందులోంచి పద్నాలుగు గుంటలు లెక్కపెట్టుకుని కత్తిరించుకోవచ్చు.

ఇవన్నీ నా పరీక్షలో మొదటిదాన్ని సులువుగా నెగ్గుతాయి. రెండోదాన్ని సగమే నెగ్గుతాయి. ఎవరో ఒకరు మొదటి రెండు రోజులు కూర్చుని నేర్పాలి. అది ఆ టైలర్ ఇంట్లో జరిగింది. నేర్పింది తల్లి కాదు, పక్కింటి ముసలాయన. మూడో రోజు నుంచి ఆయన అవసరం లేకపోయింది. వారం తర్వాత పిల్లలు సొంతంగా కొత్త రూల్స్ పెట్టుకున్నారు. ఫోన్ మానేశారా అంటే, లేదు. ఛార్జింగ్ అయిపోయినప్పుడు మాత్రం ఏడవడం లేదు. నేను దాన్ని తక్కువ మార్పనుకోను.

బయట తిప్పాలంటే ఇప్పుడు ఒక వెసులుబాటు వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో టికెట్ లేదు. తల్లీ కూతుళ్లు ఆధార్ చూపించి ఉచితంగా వెళ్లొచ్చు, పన్నెండేళ్ల లోపు కొడుక్కి అర టికెట్. తండ్రి వస్తేనే పూర్తి టికెట్! హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు గోల్కొండలో పదిహేనేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం, తల్లికి పాతిక రూపాయలు. కోట ప్రవేశద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొడితే పైన కొండ మీద వినపడుతుందని చెప్పి, ఒకరిని కింద, ఒకరిని పైన నిలబెడితే పిల్లలకు ఆ పూటకు ఇంకేం కావాలి? పొద్దున గేటు తీయగానే వెళ్లి ఎండ ముదిరేలోగా దిగిపోవాలి, పులిహోర డబ్బా, నీళ్లు ఇంటి నుంచే. సాలార్‌జంగ్ మ్యూజియం నీడన తిరిగే చోటు. గంట గంటకూ గడియారంలోంచి బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొట్టేదాకా ఆ ముందు పిల్లలు కదలరు. శుక్రవారం సెలవని మరిచిపోయి వెళ్లి గేటు చూసి తిరిగొచ్చిన అనుభవం మా ఇంటికీ ఉంది. జీహెచ్‌ఎంసీ ఏటా వేసవిలో నామమాత్రపు ఫీజుతో ఆటల శిక్షణ శిబిరాలు నడుపుతూ వచ్చింది. పొద్దున్నే మైదానానికి తీసుకెళ్లే మనిషి ఉంటే అవి నిజంగా పనికొచ్చేవే.

ఇవి నగరం మాటలు. 49 రోజుల్లో రెండు మూడు రోజుల మాటలు. మిగతా రోజులకు కావాల్సింది నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక నీడ, ఒక ఫ్యాను, మంచినీళ్లు, ఒక మరుగుదొడ్డి, కనిపెట్టుకుని ఉండే ఒక మనిషి. ఇవి కొత్తగా కట్టాల్సిన పనిలేదు, కట్టి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు మొదటి దశలోనే 15,715 బడులు బాగుచేశారు. తెలంగాణలో మన ఊరు–మన బడి మొదటి దశకు తొమ్మిది వేలకు పైగా బడులను ఎంచుకున్నారు. ఫ్యాన్లు, నీళ్లు, మరుగుదొడ్లు, ప్రహరీ అన్నీ ఆ జాబితాల్లో ఉన్నవే. పిల్లల కోసం మన డబ్బుతో కట్టిన ఆ ఆవరణలకు, పిల్లలకు చోటు కావాల్సిన ఏడు వారాల్లోనే తాళం వేస్తున్నాం.

గ్రంథాలయాల కథ ఇంకా చిత్రం. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది, 1960 నాటి చట్టం నుంచీ ఉంది. రెండు వేలు ఇంటిపన్ను కట్టేవాళ్లు ఏటా 160 రూపాయలు పుస్తకాల కోసం కడుతున్నట్టే. అద్దెకుండేవాళ్లు కూడా అద్దెలో కలిపి కడుతున్నారు. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టిన నేల ఇది. పుస్తకాన్ని ఊరికి చేర్చడం ఉద్యమంగా నడిచిన చోటు. ఇప్పటికీ జిల్లా గ్రంథాలయ సంస్థలు వేసవిలో పిల్లలకు కథలు చెప్పించడం, బొమ్మలు వేయించడం లాంటి శిబిరాలు పెడుతున్నాయి. వెళ్లి చూస్తే తెలుస్తుంది, ఆ కార్యక్రమాలు బాగానే ఉంటాయి. కానీ చాలా శాఖా గ్రంథాలయాలు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తెరుస్తాయి. వడగాల్పులు కొట్టే మధ్యాహ్నం, పిల్లకు నీడ కావాల్సిన వేళ, అక్కడా తాళమే. ఆ రెండు నెలలైనా వేళలు మార్చి పన్నెండు నుంచి ఐదు దాకా తెరిస్తే కరెంటు బిల్లు కొంచెం పెరుగుతుంది, ఒక మనిషి జీతం పడుతుంది. అంతకు మించి ఏమీ కాదు.

టీచర్లకు సెలవులు తీసేయమని నేను అనడం లేదు. వాళ్లకవి కావాలి. బడి తాళం పంచాయతీకిచ్చి, ఊళ్లో ఇంటర్, డిగ్రీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న ఇద్దరు యువతులకు రెండు నెలలు గౌరవ వేతనం ఇస్తే సరిపోతుంది. పాఠాలు చెప్పొద్దు. బ్రిడ్జి కోర్సులు అసలే వద్దు, ప్రైవేటు బళ్లు ఆ పేరుతో సెలవుల్ని ఇప్పటికే సగం తినేశాయి. రెండు క్యారమ్ బోర్డులు, కథల పుస్తకాలు ఒక పెట్టెడు, చాక్‌పీసులు, మధ్యాహ్నం ఒక గుడ్డు.

ఈ చోటు లేకపోవడం వల్ల ఎక్కువ నష్టపోయేది ఎవరో చూడండి. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించినప్పుడు, పిల్లలు బడి అయ్యాక గానీ సెలవుల్లో గానీ కుటుంబ పనుల్లో సాయం చేయొచ్చని మినహాయింపు పెట్టారు. ఆ టైలర్ ఇంట్లో ఆరో తరగతి అమ్మాయి పొద్దున గిన్నెలు తోముతుంది, పదింటికి హుక్సులు కుడుతుంది, మధ్యాహ్నం తమ్ముడికి అన్నం పెడుతుంది. తల్లి దుర్మార్గురాలు కాదు, కూతురంటే ప్రాణం. ఆ పిల్ల కూడా ఫిర్యాదు చేయదు. ఈ సెలవులు ఎలా ఉన్నాయమ్మా అని అడిగితే, "బడి ఎప్పుడు తెరుస్తారు?" అని నన్నే అడిగింది.

ఆ పక్కనే ఉన్న బడి గ్రౌండు సంగతి హెడ్మాస్టారిని అడిగాను. గేటు తీయాలంటే పైనుంచి ఆర్డర్ ఉండాలన్నారు. స్థానిక నాయకుణ్ని అడిగితే బడి విద్యాశాఖదన్నారు. ఇద్దరూ మర్యాదగానే చెప్పారు. సాయంత్రం ఐదున్నరకు అటు వెళ్తే లోపల క్రికెట్ జోరుగా సాగుతోంది. వెనక వైపు ప్రహరీలో రెండు ఇటుకలు పీకి కాళ్లు పెట్టుకోవడానికి మెట్లలా చేసుకున్నారు. లోపల పదిహేడు మంది ఉన్నారు, లెక్కపెట్టాను. పదిహేడు మందీ మగపిల్లలే.