మా ఇంట్లో ఒకరికి సైన్స్ అర్థమైపోయింది, దయచేసి ఎవరైనా ఆపండి

ఈ విషయం బయట చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది కానీ నాలాంటి తల్లిదండ్రులు ఇంకో నలుగురు జాగ్రత్తపడతారని రాస్తున్నా. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి పోయిన నెల సైన్స్‌లో ఒక పాఠం అర్థమైపోయింది. మార్కులు తగ్గడం కాదండీ, ఆ జబ్బుకైతే ట్యూషన్ ఉంది. అర్థమవడం. మా వంశంలో ఇంతకుముందు ఎవరికీ లేదు, మా ఆవిడ వైపు కూడా వాకబు చేశాం, అటూ లేదు.

అంతా ఎఫ్ఏ, అదే ఫార్మేటివ్ అసెస్‌మెంట్ ప్రాజెక్టుతో మొదలైంది. ఈసారి చార్టులు వద్దు, థర్మోకోల్ మోడళ్లు వద్దు, ఏదైనా ఒక ప్రయోగం మీద మూడు నిమిషాల వీడియో మీరే తీసి మీ గొంతుతోనే వివరించి పంపండి అని కొత్తగా వచ్చిన సైన్స్ టీచర్ క్లాస్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. ఐదు మార్కులు. ఐదు మార్కులకి పిల్ల ఆలోచించాలట.

పాత పద్ధతిలో ఏం తక్కువైందో నాకు అర్థం కాదు. స్కూలు ఎదురుగా స్టేషనరీ షాపు ఉంటుంది, వెళ్లి "అన్నా, ఏడో తరగతి, అగ్నిపర్వతం" అంటే మెడికల్ షాపులో జలుబు బిళ్ళ ఇచ్చినట్టు పై అరలోంచి తీసి ఇచ్చేవాడు, 350 రూపాయలు, బేరమాడితే 300. పోయినేడాది మేం కొన్న అగ్నిపర్వతం అడుగున వేరే పిల్లాడి పేరు, రోల్ నంబరు ఉన్నాయి, వైట్‌నర్ పూసి మా పిల్ల పేరు రాశాం. అదెన్ని స్కూళ్లలో పేలి వచ్చిందో పాపం. మా అమ్మాయికి ఆటోలో అది ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఫెవికాల్ వాసన వచ్చిందన్నది తప్ప ఇంకేం గుర్తులేదు, ఐదుకి ఐదు వచ్చాయి, షాపువాడు బతికాడు, మేం ఆదివారం సినిమాకి వెళ్లాం. అందరూ సుఖంగా ఉన్న ఏర్పాటది.

అసలు సైన్స్ అనేది పైనుంచి దిగాలి. 1975లో ఇస్రో వాళ్లు చేసిందదే కదా, అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు వాడుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకి నేరుగా టీవీ కార్యక్రమాలు దించారు, అందులో మన ఆంధ్రప్రదేశ్ ఊళ్లు కూడా ఉన్నాయి. పైన ఉపగ్రహం, కింద పిల్లలు, మధ్యలో యాంటెనా, ఎవరి చోట వాళ్లు. ఇప్పుడేమో టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చోవాల్సిన పిల్ల లేచొచ్చి కెమెరా పట్టుకుంది.

మా పిల్ల ఎంచుకున్న ప్రయోగం మీకూ తెలిసిందే. పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో కొవ్వొత్తి వెలిగించి దానిమీద గాజుగ్లాసు బోర్లిస్తారు, కొవ్వొత్తి ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. ఎందుకెక్కాయి? ఆక్సిజన్ అయిపోయింది కాబట్టి, ఆ ఖాళీలోకి నీళ్లొచ్చాయి. గాల్లో ఆక్సిజన్ ఐదో వంతు, నీళ్లూ దాదాపు ఐదో వంతు ఎక్కుతాయి. నాకూ అదే చెప్పారు, మా నాన్నకీ అదే చెప్పారు, గైడులో అదే ఉంటుంది, రెండు మార్కులు గ్యారంటీ.

నీళ్లు వీడియోలో కనపడట్లేదని చిటికెడు కుంకుమ కలిపింది. అది చూసి మా అమ్మ, ఎర్రనీళ్లు దిష్టి తీసి వీధిలో పారబొయ్యాలి గానీ హాల్లో పెట్టుకుంటారా అని గొడవ. సరే అయింది. ఒక టేక్, రెండు టేకులు, ఏడో టేకుకి నోరు తిరిగింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వాయిస్ చెప్తోంది, మా అమ్మ సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటోంది. ఆక్సిజన్ అయిపోయింది కాబట్టి నీళ్లు పైకొచ్చాయి నానమ్మా, అంది పిల్ల.

"అయిపోయిందని నీళ్లకి ఎవరు చెప్పారే?" అంది మా అమ్మ.

చదువుకోనివాళ్లని షూటింగ్ స్పాట్‌కి రానివ్వకూడదని అప్పుడే అర్థమైంది నాకు. క్లాసులో అయితే ఇలాంటి ప్రశ్న అడిగినవాణ్ణి బెంచీ ఎక్కిస్తారు, విషయం అక్కడితో అయిపోతుంది. ఇంట్లో నానమ్మని బెంచీ ఎక్కించలేం, మోకాళ్ల నొప్పులు.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పకపోతే వాయిస్ ముందుకి సాగట్లేదట. పిల్ల వీడియోని స్లో మోషన్‌లో పెట్టి చూసుకోవడం మొదలెట్టింది. చూస్తే గ్లాసు బోర్లించిన కాసేపు, మంట ఇంకా వెలుగుతుండగానే, గ్లాసు అంచు కిందనుంచి రెండు మూడు బుడగలు గుడగుడమని బయటికి పోయాయి. అంటే లోపలి గాలి బయటికి వెళ్తోంది. నీళ్లేమో మంట ఉన్నంతసేపూ పెద్దగా కదల్లేదు, మంట ఆరాక ఒక్కసారిగా ఎక్కాయి. ఆక్సిజన్ వాడుకోవడం వల్లే ఎక్కేట్టయితే మంట వెలుగుతున్నప్పుడు కదా నాన్నా మెల్లమెల్లగా ఎక్కాలి, ఆరిపోయాక ఎందుకెక్కుతున్నాయి అని నన్నడిగింది. నేను ఫోన్ మోగినట్టు బాల్కనీలోకి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి ఇంకోటి తయారుగా ఉంది. ఆక్సిజన్ మండితే దాని బదులు కార్బన్ డయాక్సైడ్ వస్తుందిగా, అది ఎక్కడికి పోయింది, గ్లాసులోనేగా ఉంటుంది? సరే తండ్రినన్నాక ఏదో ఒకటి చెప్పాలి, రాత్రి అందరూ పడుకున్నాక వెతికి చూశా, మైనంలో ఉండే ఒక రకం అణువుని లెక్కేస్తే 38 ఆక్సిజన్ అణువులు పోయి 25 కార్బన్ డయాక్సైడ్ అణువులు వస్తాయి, అంటే పోయిన చోటు చాలావరకు మళ్లీ నిండినట్టే, నీటి ఆవిరి వేరే, అది గ్లాసు గోడకి చెమటలా పడుతుంది. పైగా గాల్లో 21 శాతం ఉన్న ఆక్సిజన్ 16 దాకా తగ్గేసరికే కొవ్వొత్తి చేతులెత్తేస్తుందట, అంటే ఆక్సిజన్ అసలు అయిపోనే లేదు, లోపల ఇంకా బోలెడుంది. ఇన్నేళ్లూ నేను రెండు మార్కులు ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నానో తెలియక ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇదీ వీడియోలు తీయించడం వల్ల నష్టం, పిల్లతో ఆగదు, పెద్దలకి అంటుకుంటుంది.

మర్నాడు పొద్దున పిల్ల స్కూలుకి టిఫిన్ బాక్సు మార్చుకుంటోంది. రాత్రి వేడి అన్నం పెట్టి మూత బిగించి మర్చిపోయిన స్టీలు బాక్సు ఒకటి ఎంత లాగినా ఊడట్లేదు. మా అమ్మ మామూలుగా, వేడిమీద మూతేస్తే చల్లారాక పట్టేసుకోదూ, కాస్త వేడినీళ్లలో పెట్టు అదే వస్తుంది, అంది. పిల్ల బాక్సు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది, బస్సు హారన్ కొడుతున్నా కదల్లేదు. "నానమ్మా, గ్లాసు కూడా టిఫిన్ బాక్సే" అంది. మంట దగ్గర వేడెక్కి వ్యాకోచించిన గాలి కొంత బుడగలుగా బయటికి పోతుంది, మంట ఆరాక మిగిలిన గాలి చల్లారి ముడుచుకుంటుంది, లోపల ఒత్తిడి తగ్గితే బయటి గాలి నీళ్లని లోపలికి నెట్టేస్తుంది. ఎక్కువ భాగం జరిగేది అదీ. సాయంత్రం వచ్చి ఒక కొవ్వొత్తి బదులు పుట్టినరోజు కొవ్వొత్తులు మూడు పెట్టింది. ఆక్సిజన్ లెక్కే నిజమైతే మూడు పెట్టినా అంతే ఎక్కాలి, గాలి అంతేగా. ఇంకా పైకి ఎక్కాయి నీళ్లు.

బస్సు తప్పిపోయింది, ఆటోకి 120 రూపాయలు నా జేబులోంచి పోయాయి. ఆ ఖర్చు మాత్రం ఏ విద్యావేత్తా రాయడు.

వీడియో ఎలా ఉందంటారా, చెప్పుకోదగ్గట్టు లేదు. ఫోన్ వణికింది, వెనకాల కుక్కర్ మూడు విజిల్స్ వేసింది, సగంలో మా వాడు ఫ్రేములోకి వచ్చి నాలుక బయటపెట్టాడు, మధ్యలో పిల్ల "నేను ముందు తప్పు చెప్పాను, ఆగండి" అని మళ్లీ మొదలెట్టింది. నాకైతే ప్రాణం పోయింది. ఇది స్కూలు గ్రూపులో పడితే మన పరువేంటని పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మా బామ్మర్దిని పిలిచాను. "నువ్వు వదిలెయ్ బావా" అన్నాడు. రెండు గంటల్లో కొవ్వొత్తి చుట్టూ బంగారు పూరేకులు రాల్చాడు, వెనకాల సన్నాయి, గ్లాసు దిగుతుంటే తాళి కట్టేటప్పుడు వేసే గట్టిమేళం, అక్షింతలొక్కటే తక్కువ. పిల్ల గొంతు తీసేసి వాళ్ల స్టూడియోలో ఒకాయన చేత గంభీరంగా "ఆక్సిజన్... ప్రాణవాయువు..." అనిపించాడు. చివర్లో మా కుటుంబ సభ్యుల పేర్లు, శుభాకాంక్షలతో. పిల్ల చూసి ఒక్క మాటే అడిగింది, మావయ్యా బుడగలేవి? గుడగుడలాడుతూ అసహ్యంగా ఉన్నాయని ఆ రెండు సెకన్లు కట్ చేశాడట. అక్కడ మంట కూడా సరిగ్గా రాలేదన్నాడు.

ఏ వీడియో పంపామో వేరే చెప్పాలా. ఐదుకి ఐదు. గ్రూపులో పదిహేడు చప్పట్ల బొమ్మలు.

నా వాదనకి శాస్త్రీయ ఆధారం కూడా ఉందండోయ్, ఊరికే అనట్లేదు. ఇప్పుడు వెరిటాసియం అని యూట్యూబ్‌లో పెద్ద ఛానెల్ నడిపే డెరెక్ ముల్లర్ సిడ్నీ యూనివర్సిటీలో 2008 నాటి తన పీహెచ్‌డీకి ఫిజిక్స్ వీడియోల మీదే పనిచేశాడు. శుభ్రంగా, స్పష్టంగా వివరించే వీడియో చూపిస్తే విద్యార్థులు భలే ఉంది, ఈజీగా ఉంది అన్నారు, పరీక్ష పెడితే ముందెంతో తర్వాతా ఇంచుమించు అంతే, కాకపోతే మాకొచ్చేసిందన్న కాన్ఫిడెన్స్ పెరిగింది. అదే, జనం బుర్రల్లో ఉండే తప్పు అభిప్రాయాన్ని ముందు బయటపెట్టి దాంతో వాదించే వీడియో చూపిస్తే తికమకగా ఉంది, బుర్ర వాచింది అన్నారు, మార్కులు మాత్రం వాళ్లకి పెరిగాయి. ఇందులో మనకేం కావాలి చెప్పండి? బుర్ర వాచడమా, కాన్ఫిడెన్సా? పెళ్లిచూపుల్లో, ఇంటర్వ్యూల్లో, అపార్ట్‌మెంట్ మీటింగుల్లో దేనికి విలువ? మా బామ్మర్ది వీడియో చూసినవాళ్లకి ఆక్సిజన్ మీద ఎంత నమ్మకం కుదిరిందో మీరు చూడాల్సింది.

అసలు ఈ దారిలో వెళ్లినవాళ్లు ఏమయ్యారో చరిత్రలో ఉంది. లండన్‌లో మైకేల్ ఫారడే అని పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో పనికి కుదిరిన కుర్రాడు, 1812లో హంఫ్రీ డేవీ అనే పేరున్న రసాయన శాస్త్రవేత్త ఉపన్యాసాలకి వెళ్లి, విన్నది విన్నట్టు వదిలెయ్యకుండా ఇంటికొచ్చి మళ్లీ తన మాటల్లో రాసుకుని, పరికరాల బొమ్మలు వేసుకుని, చేతిలో పనేగా అని దాన్ని తనే బైండింగ్ చేసి ఏకంగా డేవీకే పంపించాడు. హాయిగా ఆల్ ఇన్ వన్ గైడు కొనుక్కుని ఉంటే ఈ శ్రమ లేదు. మరుసటేడు డేవీ దగ్గరే అసిస్టెంటుగా చేరాడు, బైండింగ్ వృత్తి మంట కలిసింది. ముసలితనంలో కూడా బుద్ధి మారక 1860 క్రిస్మస్ సెలవుల్లో పిల్లల్ని పోగేసి దేనిమీద ఉపన్యాసాలిచ్చాడో తెలుసా, కొవ్వొత్తి మీద. ఒక్కటి కాదు, ఆరు.

మన దేశంలో మాత్రం తెలివైనవాళ్లు సమయానికి మేల్కొన్నారు. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ సైన్స్ కార్యక్రమం అని 1972లో 16 బళ్లలో మొదలెట్టారు, పిల్లలే ప్రయోగాలు చెయ్యాలి, పిల్లలే రాసుకోవాలి, అగ్గిపుల్లలూ సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో ఆకారాలు కట్టడం నేర్పిన అరవింద్ గుప్తా ఆ దారిలోకి వచ్చింది అక్కడినుంచే. ముప్పై ఏళ్లు వందల బళ్లలో నడిచింది. 2002లో ప్రభుత్వమే ఆపించింది. ముప్పై ఏళ్లపాటు పిల్లలు ప్రశ్నలడుగుతుంటే ఓర్చుకున్న ఆ ఊళ్ల తండ్రులకి నా సానుభూతి.

మా ఇంటి సంగతికొస్తే తర్వాత స్లిప్ టెస్టులో అదే ప్రశ్న పడింది, నీటిమట్టం పెరగడానికి కారణమేమి, రెండు మార్కులు. మా పిల్ల బుడగలు, టిఫిన్ బాక్సు, మూడు కొవ్వొత్తులు అన్నీ కలిపి పేజీన్నర రాసింది, పేపర్ దిద్దింది వేరే సారు, కీ ప్రకారం అర మార్కు వేశారు. ఆ అర కూడా ఆక్సిజన్ అనే మాట ఎక్కడో కనిపించినందుకట. నేను వెంటనే సైన్స్ టీచర్‌ని కలిసి మీవల్లే ఒకటిన్నర మార్కు పోయిందని గట్టిగా అడిగాను. ఆవిడ విని, సార్ మీరు పంపిన పెళ్లి వీడియో కాకుండా కుక్కర్ విజిల్స్ ఉన్నది ఇంకోటి ఉందటగా, మీ అమ్మాయి చెప్పింది, అది ఒకసారి పంపగలరా అంది. చూశారా, రోగం ఎక్కడిదాకా పాకిందో.

నేను పంపనన్నాను. కానీ మా అమ్మ అప్పటికే మా చుట్టాల గ్రూపులో పెట్టేసింది, తను కనిపించింది కదా అందులో, చిక్కుడుకాయలతో సహా. ఇక చూస్కోండి. గుడ్ మార్నింగ్ దేవుళ్ల ఫోటోలు తప్ప ఏమీ రాని గ్రూపులో తెనాలి అత్తయ్య గాజుగ్లాసు లేదు హార్లిక్స్ సీసా పెట్టొచ్చా అంటుంది, బెంగళూరులో ఉండే మా తమ్ముడు పసుపు నీళ్లతో తీసిన వీడియో పెట్టాడు, ఒకాయన ఆక్సిజనే కరెక్టని వాదించి అలిగి గ్రూపులోంచి వెళ్లిపోయాడు, ఆస్తి పంపకాలప్పుడు కూడా వెళ్లనివాడు.

ఇవాళ పొద్దున ఏడింటికి మా పెదనాన్న ఫోన్. ఎనభై దాటాయి, రిటైర్డ్ తెలుగు మాస్టారు. ఒరేయ్, గ్లాసు గబుక్కున బోర్లించాలా, మెల్లగా దించాలా, నాకు నీళ్లు మరీ కొంచెమే ఎక్కుతున్నాయేంట్రా అని. మంట పైన కాసేపు పట్టుకుని మెల్లగా దించండి పెదనాన్నా, గాలి బాగా వేడెక్కితేనే నీళ్లు ఎక్కువ ఎక్కుతాయి, గబుక్కున పెడితే సగం కూడా రావు అని చెప్పి ఫోన్ పెట్టేసి ఇటు తిరిగితే, మా ఆవిడ దేవుడి గదిలోంచి ఖాళీ కొవ్వొత్తుల ప్యాకెట్టు పట్టుకుని వచ్చి నావంకే చూస్తోంది.