'ఫోటో ఉంటే చాలు' అనేవాళ్లకు

సామాజిక పరిశోధన చేసే విద్యార్థుల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "మనుషులు అబద్ధం చెప్తారు, ఫోటో చెప్పదు. మంచి ఫోటో ఉంటే ఇంటర్వ్యూతో పనిలేదు. ముఖం బ్లర్ చేస్తే అనుమతుల గొడవా ఉండదు." ఉన్నవి మూడే ముక్కలు, మూడూ తప్పే.

ఫోటో అబద్ధం చెప్పదన్న మాట చూద్దాం. 1936లో అమెరికాలో కరువు. ప్రభుత్వం తరఫున తిరుగుతున్న ఫోటోగ్రాఫర్ ఆర్థర్ రాత్‌స్టైన్ సౌత్ డకోటాలో నెర్రెలు బారిన నేల మీద ఒక పశువు పుర్రెను ఫోటో తీశాడు. అదే పుర్రెను కొన్ని అడుగులు జరిపి గడ్డి మీద పెట్టి కూడా తీశాడు. సంగతి బయటపడగానే అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అంటే పడని పత్రికలు ఇదంతా బూటకమని గోల పెట్టాయి. కరువు నిజం. పుర్రెను జరపడమూ నిజం. ఒక్క ఫోటోనే చూస్తూ కూర్చుంటే ఈ రెండిట్లో ఏదీ తేలదు. మిగతా ఫ్రేములు పక్కన పెట్టుకుని, ఎప్పుడు, ఎక్కడ, ఎవరి కోసం తీశారో కనుక్కోవాల్సిందే.

అమెరికా ఆదివాసుల ఫోటోలు తీసిన ఎడ్వర్డ్ కర్టిస్ సంగతి ఇంకా ఘోరం. 1910 ప్రాంతంలో పీగన్ తెగవాళ్ల గుడారంలో ఆయన తీసిన ఫోటోలో ఇద్దరు మగవాళ్ల మధ్య ఒక గడియారం ఉంది. అచ్చయిన ఫోటోలో అది మాయం. పాతకాలపు ఆదివాసుల పక్కన గడియారం ఏం బాగుంటుంది మరి! నన్నడిగితే ఆ ఫోటోలో పరిశోధకుడికి అన్నిటికన్నా పనికొచ్చేది ఆ గడియారమే.

ఇక ఇంటర్వ్యూతో పనిలేదన్న మాట. ఫోటోలతో పరిశోధన చేసినవాళ్ల అనుభవం దీనికి సరిగ్గా తిరగేసి ఉంది. కెనడా తూర్పు తీరంలో చేసిన అధ్యయనం గురించి మానవశాస్త్ర పరిశోధనలో ఫోటోలు వాడిన జాన్ కోలియర్ 1957లో రాశాడు. ఫోటోలు ముందు పెట్టి అడిగితే జనం ఎక్కువసేపు, వివరంగా మాట్లాడారు, అలసిపోలేదు. ఉత్త ప్రశ్నలకు మాటలు త్వరగా ఎండిపోయాయి. అంటే ఫోటో అక్కడ మనుషుల చేత మాట్లాడించింది. ఒక ఇంట్లో ఖాళీ కుర్చీ ఫోటోలో పడిందనుకోండి. అది ఎవరిదో, ఎందుకు ఖాళీగా ఉందో ఆ ఇంటివాళ్లు చెప్తే తప్ప మనకేం తెలుస్తుంది?

బ్లర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తెలిసినవాళ్లు చొక్కాని బట్టి, వెనకున్న గోడని బట్టి ఇట్టే పోల్చుకుంటారు. ఫైల్లో లొకేషన్ ఉండిపోతే ఆ కష్టం కూడా అక్కర్లేదు. పైగా అందరూ ముఖం దాచుకోవాలనే అనుకోరు. తన పని తన ముఖంతోనే కనపడాలని కోరుకున్న మనిషికి అడగకుండా మసక పూస్తే నేరస్తుడిలా కనిపిస్తాడు. ఫోటో తీయడానికి, పరిశోధనలో వాడటానికి, బయట ప్రచురించడానికి విడివిడిగా అడగాలి. ప్రచురించే ముందు ఆ ఫోటో వాళ్లకు చూపించాలి, వద్దంటే తీసేయాలి.