దేవుని ఏర్పాటు మనకు కొలబద్ద కాదు

"ఎవరు రక్షణ పొందాలో దేవుడు ముందే నిర్ణయించేస్తే ఇక నేను ప్రార్థన చేయడం దేనికి?" సంఘంలో పెరిగే పిల్లలు ఏదో ఒక వయసులో ఈ ప్రశ్న వేస్తారు. రక్షణకు దేవుడు ముందే ఎంచుకోవడాన్నే దేవుని ఏర్పాటు అంటాం. "అలాంటివి అడక్కూడదు, నమ్మాలంతే" అని పెద్దవాళ్లు నోరు మూయించడం చూస్తే నాకు చాలా బాధేస్తుంది. అయిదో శతాబ్దంలో అంతా దేవుని కృపే అన్న అగస్టీను, మనిషి ఇచ్ఛకే పెద్దపీట వేసిన పెలాగియస్ తలపడింది దీని చుట్టుపక్కలే. అంతటి ప్రశ్న పిల్లవాడికి సొంతంగా తట్టిందంటే సంతోషించాలి కదా!

బైబిల్లోనే ఈ రెండు మాటలూ ఉన్నాయి. తండ్రి ఆకర్షిస్తేనే గాని ఎవడూ నా దగ్గరికి రాలేడని యోహాను ఆరో అధ్యాయంలో యేసు అంటాడు. అదే యేసు మత్తయి ఇరవై మూడులో యెరూషలేమును తలచుకుని, నీ పిల్లల్ని ఎన్నోసార్లు చేర్చుకోవాలనుకున్నాను గాని "మీరు ఒల్లకపోతిరి" అని వాపోతాడు. ఫిలిప్పీయుల పత్రిక రెండో అధ్యాయంలో పౌలైతే మీ రక్షణను మీరే కొనసాగించుకోండి అని చెప్పి, ఆ వెంటనే మీలో ఆ ఇచ్ఛ పుట్టించేది దేవుడే అంటాడు. ఆయనకు ఈ రెంటి మధ్య పేచీ కనబడలేదు. పేచీ మనకొచ్చింది.

ఆ పేచీ ఎంత దూరం పోగలదో నెదర్లాండ్స్ చరిత్ర చెబుతుంది. ముందస్తు నిర్ణయ సిద్ధాంతాన్ని ప్రశ్నించిన అక్కడి వేదాంత పండితుడు ఆర్మీనియస్ 1609లో చనిపోయాడు. మరుసటి ఏడు ఆయన అనుచరులు అయిదు అంశాలతో ఒక విజ్ఞాపన ఇచ్చారు. మనిషి తన సొంత శక్తితో దేవుణ్ణి ఎంచుకుంటాడని అందులో ఉందని చాలామంది అనుకుంటారు. అలా లేదు. కృప ముందు రాకపోతే మనిషి మంచిని తలచను కూడా లేడనే వాళ్లూ రాశారు. ఆ కృపను మనిషి కాదనగలడా అన్న దగ్గరే అసలు తేడా. 1618-19లో డోర్ట్ పట్టణంలో జరిగిన సంఘ మహాసభ వాళ్ల వాదాన్ని తోసిపుచ్చింది. రెండు వందల మంది దాకా బోధకులు కొలువులు పోగొట్టుకున్నారు. దేశ రాజకీయాలు కూడా ఇందులో కలిసిపోయి, వాళ్లను కాపాడిన 71 ఏళ్ల రాజనీతిజ్ఞుడు ఓల్డెన్‌బార్నవెల్ట్‌కు 1619 మే నెలలో శిరచ్ఛేదం చేశారు.

అయితే ఆ డోర్ట్ తీర్మానాల్నే దగ్గర పెట్టుకుని చదవండి. మొదటి భాగం పదిహేడో అంశం, పసితనంలోనే చనిపోయిన బిడ్డల గురించి. అలాంటి బిడ్డ ఏర్పాటును, రక్షణను భక్తిగల తల్లిదండ్రులు శంకించకూడదంటుంది. రెండో భాగం అయిదో అంశమేమో, సువార్తను ఏ తేడా లేకుండా అందరికీ ప్రకటించాలంటుంది. దేవుని సార్వభౌమత్వాన్ని అంత గట్టిగా పట్టుకున్నవాళ్లు కూడా ఆ సిద్ధాంతాన్ని బిడ్డను పోగొట్టుకున్న తల్లి మీదికి ఆయుధంగా తీసుకెళ్లలేదు. ఇది నన్ను బాగా కదిలించింది.

నా అభిప్రాయం ఇదే. దేవుని ఏర్పాటు విశ్వాసి తన గురించి తాను కృతజ్ఞతతో చెప్పుకోవాల్సిన మాట. "నా గొప్పేమీ లేదు, ఆయనే నన్ను పట్టుకున్నాడు" అంటే అది స్తుతి. "ఫలానావాణ్ణి ఆయన ఏర్పరచుకోలేదు" అనే అధికారం మాత్రం ఎవరికీ లేదు. చేతిలో బైబిలు పట్టుకుని చెప్పినా, ఆ తీర్పు వాక్యం ఇచ్చింది కాదు.

వాదించుకోవద్దని నేననను. ఇంగ్లండు బోధకుడు, మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ 1739లో ముందస్తు నిర్ణయాన్ని ఖండిస్తూ ప్రసంగం అచ్చేయించాడు. ఆ నిర్ణయాన్ని నమ్మే ప్రాణమిత్రుడు, తోటి బోధకుడు జార్జ్ విట్‌ఫీల్డ్ దానికి ఘాటుగా జవాబు రాశాడు. ఆ ప్రసంగం విషయంలో దేవుని చిత్తం తెలుసుకోవడానికి వెస్లీ చీట్లు వేసి చూసుకున్న సంగతి కూడా ఆ జవాబులో బయటపెట్టేశాడు. ఇద్దరి దారులూ వేరయ్యాయి. అయినా 1770లో విట్‌ఫీల్డ్ కన్నుమూసినప్పుడు లండన్‌లో సంస్మరణ ప్రసంగం చేసింది వెస్లీయే. ఎవరి అభిప్రాయం వాళ్లు ఉంచుకోదగ్గ సంగతులు కొన్ని ఉంటాయని ఆ రోజు ఆయన అన్నాడు. అంతటితో అందరూ చల్లబడ్డారని కాదు, ఆ తర్వాతి ఏళ్లలో రెండు పక్షాలవాళ్లూ మరింత కటువుగా రాసుకున్నారు.

నేను వెస్లీ పక్షానే ఉంటాను. దేవుడు పిలిచినప్పుడు కాదనే వీలు మనిషికి నిజంగా ఉందని నమ్ముతాను, లేకపోతే యేసు యెరూషలేము గురించి అలా వాపోవడం నాకు అర్థం కాదు. కాబట్టి మా పక్షంలో జరిగే తప్పు గురించి కూడా చెప్పే బాధ్యత నాది. రక్షణ నీ నిర్ణయం మీద ఉందని పదేపదే నొక్కి చెప్పి, మనసు కుంగి ప్రార్థించలేని స్థితిలో ఉన్నవాడితో "నీకు విశ్వాసం చాల్లేదు" అనేస్తాం. వాడికి ఆ గడియలో కావాల్సింది "నువ్వు పట్టు వదిలినా ఆయన వదలడు" అన్న మాట. ఆ మాటను దేవుని ఏర్పాటును గట్టిగా బోధించిన కాల్విన్ బాటలో నడిచే సహోదరులు మనకంటే బాగా చెబుతారు. వాళ్లను పిలిచి చెప్పించుకుందాం.