మన పొలంలో దొరికిన పాత నాణెం ఎవరిది?

"గోదావరి జిల్లాల మట్టి నిండా పాత బంగారమే. ఐదారు వేలు పెట్టి మెటల్ డిటెక్టర్ కొనుక్కోండి. మీ పొలంలో దొరికింది మీదే, ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంగ్లండులో ఇలాగే కోటీశ్వరులవుతున్నారు. నాణేన్ని చింతపండుతో తోమితే రేటు ఇంకా పెరుగుతుంది." మా కోనసీమ గ్రూపుల్లో ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. నమ్మితే మనిషీ నష్టపోతాడు, ఊరి చరిత్రా పోతుంది. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు "మీదే" అన్న మాట. సొంత పొలమైనా సరే, భూమిలో దాగి ఉన్నదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. దాచిపెడితే ఏడాది వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. పైగా రావలసిన వాటా కూడా పోతుంది. అవును, వాటా ఉంది! మెసేజ్ రాసినవాళ్లు ఈ సంగతే మింగేశారు. హక్కుదారులెవరూ లేరని తేలి, వేరే ఒప్పందం లేకపోతే, కనిపెట్టినవారికి నాలుగింట మూడు వంతులు, నేల యజమానికి మిగతా వంతు. ఇక ఆదుర్రు బౌద్ధ స్తూపం లాంటి రక్షిత స్థలంలో లైసెన్సు లేకుండా తవ్వడమే నేరం.

ఇంగ్లండు ఉదాహరణ అయితే వాళ్లకే ఎదురు తిరుగుతుంది. 1992లో సఫోక్ ప్రాంతంలోని హాక్సన్ అనే ఊళ్లో, ఒక రైతు పొలంలో పోయిన సుత్తిని డిటెక్టర్‌తో వెతుకుతున్న ఆయన స్నేహితుడికి రోమన్ నాణేలు తగిలాయి. కొన్ని తీశాక తవ్వడం ఆపేసి కబురు పెట్టాడు. పురావస్తు శాఖవాళ్లు వచ్చి మిగతాది పద్ధతిగా తీశారు. 14 వేలకు పైగా నాణేలు, వాటితో పాటు నగలు, వెండి సామాను బయటపడ్డాయి. వాటిని దాచిన పెట్టెలో ఏది ఎక్కడ, ఎలా సర్ది ఉందో కూడా తెలిసింది. ఆ స్నేహితుడికి 17.5 లక్షల పౌండ్ల బహుమతి వచ్చింది. అదంతా చెప్పినందుకు వచ్చిన డబ్బే, దాచినందుకు కాదు.

బంగారం సంగతి. రాజరాజ నరేంద్రుడు బంగారు నాణేలు వేయించిన మాట నిజమే. కానీ ఆంధ్ర నేలలో దొరికే శాతవాహన నాణేల్లో ఎక్కువ భాగం సీసం, రాగి, మిశ్రలోహం. చవక డిటెక్టరుకు నాణెమంత వస్తువు మహా అయితే జానెడు లోతు వరకే అందుతుంది. మన డెల్టాలో శతాబ్దాల ఒండ్రు పాత వస్తువుల మీద పేరుకుని ఉంటుంది. పైపొరలో ఉండేది ట్రాక్టర్ బోల్టులు, సీసా మూతలు, గుట్కా ప్యాకెట్ల రేకు. ఆ రేకుకూ బంగారపు ఉంగరానికీ మెషిన్ ఇంచుమించు ఒకేలా మోగుతుంది. సముద్రం దగ్గరి ఉప్పు నేలలో ఏమీ లేకపోయినా కూస్తుంది.

చింతపండు పులుపు నాణెం మీది పాత పొరను తినేస్తుంది, దానితో పాటు అక్షరాలూ అరుగుతాయి. తోమిన నాణేనికి సేకర్తలు తక్కువే ఇస్తారు. పాత నాణేలు కొంటామంటూ రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ఎవరైనా ఫీజు అడిగితే మోసమే. ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

దుక్కిలోనో చెరువు తవ్వకంలోనో నిజంగా ఏదైనా బయటపడితే అక్కడితో గడ్డపార ఆపండి. ఉన్నది ఉన్నట్టే ఫోటో తీయండి. దొరికినదాన్ని కడగొద్దు, తోమొద్దు, వాటాలు వేసి పంచుకోవద్దు. ఆ రోజే తహసీల్దారుకు చెప్పి, కలెక్టరు పేర కాగితం రాసి రసీదు తీసుకోండి.