ఇంటిపేరు నిలిచింది, నెత్తురు మాత్రం ఆడపడుచుది

ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ ప్రాంతంలో వ్యవసాయ మార్పులకు పేరొందిన హోల్కమ్ ఎస్టేటు భూస్వామి థామస్ విలియం కుక్‌ను (కోక్ అని రాసినా పలికేది కుక్ అనే) పాతకాలపు ఇంగ్లిష్ న్యాయకోవిదుడు సర్ ఎడ్వర్డ్ కుక్‌కు నేరుగా మగసంతతి వారసుడన్నట్టు మీ వ్యాసంలో రాశారు. అది సరికాదు. సర్ ఎడ్వర్డ్ వంశంలో తొలి లెస్టర్ ఎర్ల్ (ఎర్ల్ అంటే ప్రభు బిరుదు), హోల్కమ్ భవనాన్ని కట్టించినవాడు. ఆయనకు ఒక్కగానొక్క కొడుకు. అతడు 1753లో పిల్లలు లేకుండానే తండ్రికన్నా ముందు పోయాడు. ఎర్ల్ 1759లో మరణించాక వారసత్వం ఆయన సోదరి కొడుకు వెన్మన్ రాబర్ట్స్ వైపు మళ్లింది. మేనమామ ఆస్తితోపాటు మేనమామ ఇంటిపేరూ స్వీకరించి ఆయన వెన్మన్ కుక్ అయ్యాడు. మన దగ్గర దత్తత వెళ్లినవారి కథలు విన్నవారికి ఇది కొత్తగా అనిపించదు. ఈ వెన్మన్ కొడుకే మన థామస్ విలియం. 1776లో తండ్రి పోయేనాటికి అతనికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు.

అసలు రసవత్తరమైన ఘట్టాన్ని మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. మొదటి భార్య జేన్‌కు ముగ్గురూ ఆడపిల్లలే. ఆమె 1800లో మరణించింది. ఎస్టేటు తమ్ముడి కొడుక్కే దక్కుతుందని అందరూ అనుకుంటుండగా, 1822లో అరవై ఏడేళ్ల వయసులో ఆయన పద్దెనిమిదేళ్ల ఆన్ కెప్పెల్‌ను పెళ్లాడాడు. ఆ ఏడాది చివరికే కొడుకు! పాపం, ఆ తమ్ముడి కొడుకు ముఖం ఎలా ఉండి ఉంటుందో.

మరో మాట. నార్ఫోక్ పంటల మార్పిడి పద్ధతిని (ఒకే పొలంలో ఏటా పంట మార్చి వేయడం) థామస్ విలియం కనిపెట్టలేదు. ఈయన పుట్టకముందే అక్కడి రైతులు టర్నిప్ దుంపలు, క్లోవర్ అనే పశుగ్రాసం వేస్తున్నారు. ఏటా గొర్రెల ఉన్ని కత్తిరింపు వేడుకలు జరిపి ఆ సాగు పద్ధతులకు ప్రచారం తెచ్చిన ఘనత మాత్రం ఈయనదే.