దిగులుకు కోటా ఎంత?

విదేశాల్లో స్థిరపడిన మనవాళ్లకు థెరపీ అవసరమని నిపుణులు అంటున్నారు. నిజమే. పక్కింటివాడు నవ్వుతాడు గానీ తలుపు తియ్యడు, చలికాలంలో సాయంత్రం ఐదు కాకముందే చీకటి. దిగులు పుట్టదా మరి? గంటకింతని డాలర్లు పుచ్చుకుని ఆ దిగులు వినడానికి లైసెన్సున్న మనిషి ఉన్నాడు. నాకేం అభ్యంతరం లేదు. ఆ జబ్బును శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో వలసకని జనరల్ బోగీ ఎక్కేవాళ్లకు కూడా మంజూరు చెయ్యాలన్నదే నా విన్నపం. (ఆ స్టేషన్ ఉన్నది శ్రీకాకుళంలో కాదు, ఆమదాలవలసలో. అంటే మా తొలి వలస ఆటోలోనే అయిపోతుంది.)

కొత్త దేశంలో దిగినవాడి మనసు నాలుగు దశల్లో కుదుటపడుతుందని 1960లో కాలెర్వో ఓబెర్గ్ అనే మానవ శాస్త్రవేత్త రాశాడు. మొదటిది హనీమూన్. గుజరాత్‌లోని వేరావల్‌కు వేటకెళ్లే మత్స్యకారుడికి అది తుని దాటేలోపే, బాత్రూం పక్కన కూర్చోడానికి చోటు దొరికిన సంబరంతోనే సరి. రెండోది చిరాకు దశ. అది నెలల తరబడి, అరేబియా సముద్రం మీద, ఎవరిదో పడవలో. కోలుకోవడం, సర్దుకోవడం అనే మిగతా రెండూ మొదలయ్యేలోపు సీజను అయిపోతుంది, ఇంటికొచ్చేస్తాడు. వానలు తగ్గాక మళ్లీ హనీమూన్.

ఓబెర్గ్ గారు మా జిల్లాలోని ఎచ్చెర్ల వైపు వచ్చుంటే ఐదో దశ కూడా రాసేవారు. 2018 నవంబరులో సరిహద్దు దాటారని మన మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుపోయింది. 2020 జనవరిలో గానీ వాఘా దగ్గర వదల్లేదు. గుజరాతీ ఇంకా పట్టుబడకముందే కరాచీ జైలుకు అలవాటు పడాల్సొచ్చింది.

హైదరాబాద్ వెళ్లినవాడి కేసు ఇంకా చిత్రం. భాష మారలేదు. అయినా "ఏటి బావా, ఎలాగున్నావు?" అనగానే ఆఫీసంతా కమెడియన్ వచ్చాడన్నట్టు నవ్వుతుంది. ఏడాది తిరిగేసరికి ఇంటికి ఫోన్ చేసి, "ఏం చేస్తున్నారమ్మా?" అంటాడు. అవతల నుంచి, "ఎవల్రా నువ్వు?" నా ఉద్దేశంలో ఇక్కడ థెరపీ కావలసింది అమ్మకు.

ప్రభుత్వం పట్టించుకోలేదనడం మాత్రం అన్యాయం. కాంట్రాక్టరు వేరే రాష్ట్రానికి తీసుకెళ్తే, ఊరు విడిచినందుకు నెల జీతంలో సగం గానీ 75 రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలని 1979లోనే చట్టం చేశారు. 2025లో కొత్త లేబర్ కోడ్ వచ్చేదాకా అది కాగితం మీద ఉంది కూడా. ఆ డబ్బు చేతికందినవాడు ఎక్కడైనా కనిపిస్తే, ప్లాట్‌ఫాం మీదే శాలువా కప్పుదాం.

స్టేషన్‌లో కౌన్సెలింగ్ గది కట్టేదాకా, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలిమానస్ 14416 ఎలాగూ ఉంది. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పడవ ఒడ్డు దగ్గరకొచ్చి సిగ్నల్ అందాక, ముందు ఇంటికి చేసి, ఇంకా ఛార్జింగ్ మిగిలితే.